పేరున్న గాలి

ఒడీల్ బ్రూసార్ వచ్చి కౌంటరు మీద
ఒక గోడ గడియారం పెట్టింది.
అద్దం లోపల ఇంకా తడి.
ముళ్ళు నాలుగూ పది దగ్గర ఆగిపోయి ఉన్నాయి.

"నువ్వు నీ కాగితం చదువు,
నా కాగితం ఇది" అంది.

పాంట్ వెర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసంటే
మంగలి షాపుకీ ఎరలమ్మే కొట్టుకీ నడుమ ఈ గదే.
లూసియానా చట్టం మారినప్పుడల్లా
పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ కూర్చుని మనుషులకి చెబుతున్నాను.
ఏం మారిందో చెప్పగలను.
ఎందుకు మారిందని అడిగితే
ఫ్యాను వైపు చూస్తాను.

ఈసారి మారింది ఒక్క వాక్యం.
ఇదివరకు ఏ గాలి కప్పు లేపేసినా
మొదటి వెయ్యి డాలర్లు ఆమెవి, తక్కినవి కంపెనీవి.
ఇప్పుడు గాలికి పేరుంటే
ఇంటి విలువలో నూటికి ఐదు ఆమె నెత్తిన.
ఇల్లు లక్షా ఎనభై వేలు.
లెక్క కట్టి కాగితం ఆమె వైపు తిప్పాను: తొమ్మిది వేలు.
కప్పు వెయ్యడానికి వడ్రంగి అడిగింది ఎనిమిదిన్నర.

"అంటే?"
"అంటే ఏమీ రాదు."
"ఏమీ రాదని చెప్పడానికా
నాలుగు పేజీలు!"

ఆ నాలుగు పేజీలూ జూలైలోనే పంపాం.
వాటి మీద రొయ్యలు ఒలిచానంది, సిగ్గుపడకుండా.
నేనేం అనలేదు.
నేను చదివింది కూడా
ఎవరో వచ్చి అడిగాకే.

మా ఊళ్ళో పడవకి పేరు పెట్టాలంటే
ఫాదర్ వచ్చి నీళ్ళు చల్లాలి,
ముసలమ్మలు ఒప్పుకోవాలి,
అప్పటికీ సగం పడవలు ఎవరో ఒకరి తల్లి పేరే మోస్తాయి.
తుఫానుకి ఆ గొడవ లేదు.
ఎక్కడో జాబితాలోంచి వరసలో ఉన్నది తగిలిస్తారు.
తగిలించిన నిమిషం నుంచీ
అదే గాలి, అదే వాన,
ఎనిమిది వేలు ఎక్కువ.

"దానికి పేరెప్పుడు పెట్టారు?"

వెతికాను. ఆ సాయంత్రం సరిగ్గా నాలుగింటికి.
గడియారం వైపు చూశాను.
పది నిమిషాల పసిగుడ్డు
ఆమె కప్పు పట్టుకుపోయింది.

నోరు తెరవబోయాను. ఆమె అప్పటికే నవ్వుతోంది.
"మా ఆల్సీడ్ దీన్ని ఇరవై నిమిషాలు ముందుకి తిప్పి పెట్టేవాడు,
పోటు దాటిపోకుండా పడవెక్కాలని.
ఆయన పోయి ఆరేళ్ళు.
ఆ ఇరవై నిమిషాలు నేను ముట్టుకోలేదు."

ఫారంలో గళ్ళున్నాయి:
నష్టం జరిగిన తేదీ. కప్పు వయసు. మేకుల పొడవు.
పోయిన మనిషి తొందరకి గడి లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పక తప్పలేదు, బండి సంగతి.
ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇచ్చుకునే కనీస మొత్తం పెంచారు.
నెలకి నలభై ఒక్క డాలర్లు అదనం.
గోరుచుట్టు మీద రోకటిపోటు.
ఆమె ట్రక్కు కిటికీలోంచి కనిపిస్తోంది,
ఒక తలుపు నీలం, తక్కినదంతా తుప్పు.

"దాన్నమ్మితే మూడొందలు రావు.
దాని భయానికి ఏడాదికి రెండు వేలా?"
"ఈ డబ్బు నీ బండి కోసం కాదు ఒడీల్.
నువ్వు గుద్దేవాడి కాలు కోసం."

కాసేపు ట్రక్కునే చూసింది.
రోడ్డు దాటుతున్న బడిపిల్లల్ని చూసింది.
"అది న్యాయమే" అంది.
"ఈ ముక్క ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా రాయలేదేం?"

ఫ్యాను వైపు చూశాను.

గడియారం ఇక్కడే ఉంచమని వెళ్ళింది, సాక్షి కదా.
ఫారం అడుగున "ఇతర వివరములు" అని
బొటనవేలంత గీత ఒకటి ఉంటుంది.
ఇన్నేళ్ళలో దాని మీద ఎవరూ ఏమీ రాయగా చూడలేదు.
అక్షరాలు చిన్నవి చేసుకుని రాశాను,
చిన్న అక్షరాలు కంపెనీ సొత్తేం కాదు:

ఇంటి గడియారం ఇరవై నిమిషాలు ముందు.
కారణం, పోటు.