సాలిగ్రామం మేడ మీద

నీళ్ల ట్యాంకు పక్కన
బియ్యం బస్తాకి కవచం తొడిగాం.
పదిహేను గజాల అవతల ముత్యాలు మేస్త్రి,
బొటనవేలికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని.
షూటింగు విల్లు కాదు, ఈసారి నిజందే.

మొదట గొలుసుల కవచం.
ఒక్కో కడీ పట్టకారుతో వంచడానికి
కుర్రాళ్లకి మూడు నెలలు పట్టింది.
సూదిమొన బాణం
తెలిసినవాళ్లింటికి వచ్చినట్టు లోపలికొచ్చేసింది.
తెగిన కడి టింగుమంది.
వెతికితే దొరకలేదు.

మైనంలో ఉడికించిన పల్లావరం తోలు
కాస్త మొహమాటపెట్టింది, అంతే.

ఇనపరేకు మీద జారిన బాణం
పక్కింటి వడియాల్లో పడింది.
ఆవిడ తమిళంలో తిట్టింది,
మేం తెలుగులో తలొంచుకున్నాం.

ఆఖర్న నాది.
పాత పంచెలు, ఇరవై ఎనిమిది పొరలు,
దగ్గర దగ్గరగా చేతికుట్టు.
"బొంత కుట్టావేంటి కనకరత్నం!" అని నవ్వారు.
వెడల్పు మొన బాణం తడుముకుంటూ తడుముకుంటూ
పందొమ్మిదో పొరలో ఆగిపోయింది.
మేస్త్రి వేలు పెట్టి లెక్కపెట్టాడు,
మళ్లీ లెక్కపెట్టాడు.
ఏమీ అనకుండా వెనక్కెళ్లి
సూదిమొనది తీశాడు.

అది ఇరవై ఎనిమిదీ దాటింది.
నాకు కోపం రాలేదు.
బట్టలో దారి సూదికి కాక
ఇంకెవరికి తెలుస్తుంది?

సినిమాలో హీరోకి తొడిగేది
వెండిరంగు పూసిన ఫైబరు,
బాణం మొనకి రబ్బరు.

కారిన బియ్యం చీపురుతో ఎత్తి ఇంటికి తెచ్చుకున్నాను.
రాత్రి చేటలో ఏరుతుంటే
మట్టిబెడ్డల మధ్య దొరికింది,
ఆ తెగిన కడి.