మూడున్నరకే సాయంత్రం

డండీలో డిసెంబరు.
మూడున్నరకే వీధిదీపాలు.
ల్యాబ్‌లో మధ్యాహ్నం తిండి మానేసి
ఏదో గెలిచినట్టు బస్సెక్కుతాను.

కోటు విప్పకుండానే వంటింట్లో.
ఫ్రిజ్ వెలుతురొక్కటే ఇంట్లో పొద్దు.
చల్లన్నం వేళ్ళతోనే,
జున్ను ముక్క,
జంతికల డబ్బా అడుగున నూక దాకా.
కూర్చుంటే భోజనమైపోతుందని
కూర్చోను.

ఆకలి రుచెరగదంటారు.
ఇది ఎరుగును. ఉప్పెరుగును, కారమెరుగును.
చాలు అన్న మాటే ఎరగదు.

కింది వాటా మోరాగ్ మెట్ల మీద ఆపి అడిగింది:
"రోజూ నా నెత్తిన ఒకే చోట
గంటసేపు కిర్రుమంటుంది నేల.
నీకు కుర్చీ లేదా?"
చీకటి పడేసరికి నా గుమ్మంలో
తన పాత కుర్చీ, ఒక కాలు పొట్టిది.

ఇవాళ పన్నెండింటికి
ఆ కాస్త ఎండ ఉండగానే పెరుగన్నం తిన్నాను.
అయినా వచ్చింది సాయంత్రం ఆకలి.
అప్పులవాడిలా తలుపు బాదలేదు,
గుమ్మం దగ్గర దగ్గింది.

పప్పుచారు వేడి చేసుకుని, కంచం పెట్టుకుని
కూర్చున్నాను.
మధ్యలో లేచి జంతికలు రెండు.
సరే, మూడు.
మళ్ళీ వచ్చి కూర్చున్నాను.
పొట్టికాలు టక్కుమంది.

కింద ఆమెకి వినబడే ఉంటుంది.