ఇరవై ఎనిమిది

టక్.
మళ్ళీ టక్.
నేలమాళిగలో స్విచ్చి పళ్ళు కొరుకుతోంది.

ఒక్క గ్లాసు నీళ్ళకి మోటారు
ఇన్నిసార్లు లేచి కూర్చోకూడదు.
నూట ఎనభై అడుగుల లోతున, చీకట్లో,
అది కూడా నాలాగే ముసలిది.

నది అవతల కెనడా, ఇవతల మేము.
బావి తవ్వించిన నాటికి మాది ఒకటే ఇల్లు.
తర్వాత తమ్ముడు రెజిస్ పెళ్ళి చేసుకుని
బంగాళదుంపల చేనుకి ఆ పక్కన కట్టుకున్నాడు.
మంచు దిగలేని లోతులో ఒక నల్ల గొట్టం
నా నేలమాళిగ నుంచి వాడి వంటింటికి పోతుంది.
ట్యాంకు మాత్రం నా దగ్గరే:
నీలం రంగు, నా భుజమెత్తు,
నెత్తిన సైకిలు ట్యూబుకుండేలాంటి చిన్న వాల్వు.

నాలుగేళ్ళుగా మాకు మాటల్లేవు.
ట్రాక్టరు సంగతి. చెప్పుకోదగ్గది కాదు.
చెప్పుకోదగ్గవైతే ఎప్పుడో తేలిపోయేవి.

అయినా నాకన్నీ తెలుసు.
తెల్లవారుజామున నాలుగున్నరకి టక్:
వాడు కాఫీకి నీళ్ళు పట్టాడు.
పదింటికి టక్ టక్ టక్: వాలెడా గిన్నెలు.
రాత్రి రెండింటికొకటి, మూడింటికొకటి.
వాడి ప్రోస్టేటు కథ నాకెవరూ చెప్పలేదు,
స్విచ్చి చెప్పింది.

వేలి కణుపుతో కొట్టి చూశాను.
బాగున్న ట్యాంకు పైసగం డొల్లగా మోగాలి,
కిందిసగం మూగగా ఉండాలి.
నాది నెత్తి నుంచి పాదం దాకా మూగే.
గాలి దిగిపోయింది.
నీళ్ళని ఎంత నొక్కినా తగ్గవు.
తగ్గి, ఇరుక్కుని, ఓర్చుకుని,
అడిగినప్పుడు తోసి ఇచ్చేది గాలే.

వాల్వు పుల్ల నొక్కాను. నీళ్ళు చిమ్మలేదు.
లోపలి రబ్బరు తిత్తి చిరగలేదన్నమాట. బతికాను.
కొత్త ట్యాంకంటే ఈ శీతాకాలపు కట్టెల డబ్బు.

కానీ గాలి కొట్టాలంటే ముందు ఖాళీ చెయ్యాలి.
ఖాళీ చేస్తే వాడింట్లోనూ కుళాయి ఎండుతుంది.
చెప్పకుండా ఆపెయ్యొచ్చు.
ఫ్యూజు పెట్టె మీద చెయ్యి పెట్టి
ఆ ఆలోచనని కాసేపు చప్పరించాను.

ఫోను చేశాను.
"నీళ్ళు ఆపుతున్నా."
"ఎంతసేపు?"
"రెండు గంటలు."
వెనకాల రేడియోలో ఫ్రెంచిలో వాతావరణం.
"గేజి ఉందా నీ దగ్గర?"
"ఉంది."
లేదు.

అరగంట తర్వాత తలుపు తీస్తే
గడియకి వేలాడుతూ ప్లాస్టిక్ సంచి.
టైరు గేజి, సైకిలు పంపు.
మంచులో వచ్చిన అడుగులు, వెళ్ళిన అడుగులు,
గుమ్మం ముందు మాత్రం
కాస్త ఎక్కువగా తొక్కిన చోటు.

కరెంటు తీసి, చివరి చుక్క దాకా వదిలి, గేజి పెట్టాను.
పదకొండు.
మోటారు ముప్ఫై దగ్గర లేస్తుంది,
గాలి దానికి రెండు తక్కువుండాలి.
నాన్న వడ్రంగి పెన్సిలుతో గోడ మీద
ఇరవై ఎనిమిది అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.
ఒకటి నాకోసం, ఒకటి వాడికోసం అనుకునేదాన్ని చిన్నప్పుడు.

కొట్టాను. యాభై లెక్కపెట్టి ఆగాను.
మళ్ళీ కొట్టాను. భుజం నన్ను బండబూతులు తిట్టింది.
పంపు పిడికి చుట్టిన టేపు ఎడమచేతివాటం చుట్టు,
బెణికిన నా మణికట్టుకి పన్నెండేళ్ళప్పుడు వాడు కట్టిన కట్టు
అచ్చం ఇలాగే, అవతలివైపుకి తిరిగి ఉండేది.

ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది.
కొంచెం వదిలాను, తుస్సుమంది.
ఇరవై ఎనిమిది.

కరెంటు వేస్తే మోటారు లేచి, నింపి,
యాభై దగ్గర ఒక్క టక్ అని పడుకుంది.
కుళాయి తిప్పాను. గిన్నె నిండినా లేవలేదు.
పని బాగా చేశాను.

ఆ రాత్రి రెండింటికి మెలకువొచ్చింది.
మూడు.
ఏమీ లేదు.
బాగుపడ్డ ట్యాంకు చాడీలు చెప్పదు.

శాలువా కప్పుకుని, టార్చి పట్టుకుని కిందికి దిగాను.
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని
ట్యాంకు కింది ముల్లునే చూస్తున్నాను.
నలభై ఆరు.
కాళ్ళు చల్లబడ్డాయి. నలభై ఆరే.
ఎప్పటికో, నాలుగున్నర దాటాక,
వెంట్రుకవాసి కిందికి జరిగింది.

కాఫీ.

వాడి గేజి ఇంకా నా జేబులోనే ఉంది.
పంపు పంపించేస్తాను, ఎవరిచేతైనా.
గేజి మాత్రం
నేనే వెళ్ళి ఇవ్వాలేమో.