వస్తువు పేరు

నరసన్నపేట సంతవీధిలో
గుడియ దాలెమ్మ కొట్టు ముందు
లైసెన్సు దరఖాస్తు తొడ మీద పెట్టుకుని కూర్చున్నాను.
మూడో గడి: వస్తువు పేరు.

పాకం తెల్లగా ఉడుకుతోంది.
ఒక గిన్నెలో గులాబీ రంగు, ఒకదాన్లో పసుపు,
అడుగంటిన చిలకపచ్చ ఇంకోదాన్లో.
నానబెట్టిన టేకు అచ్చుల్ని రెండు చెక్కలూ జోడించి
సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి
పైనుంచి పోస్తోంది ఆవిడ,
చంటిబిడ్డకి ఉగ్గు పోసినంత నెమ్మదిగా.

"పంచదార బొమ్మలు" అని పైకి అనుకుంటూ రాశాను.
"బొమ్మలు కావు బాబూ, సిలకలు."

బల్ల మీద ఆరుతున్నవాటిని లెక్కపెట్టాను.
గోపురాలు తొమ్మిది. ఏనుగులు. నెమళ్లు.
కాలు విరిగిన గుర్రం ఒకటి.
కొడుకు ముచ్చటపడి చెక్కించిన విమానం.
"ఇందులో చిలకేదమ్మా?"
"అన్నీ సిలకలే."
"చిలకలా ఉన్నది ఏదీ అని."
"ఆ అచ్చు తుపానుకి పోనాది బాబూ.
గోడ కూలి దాని మీదే పడిపోనాది.
పేరు మిగిలిపోనాది."

పేరెలా వచ్చిందని అడిగితే
గరిటె ఆపకుండానే చెప్పింది.
మామగారి తాతకి వడ్రంగి చెక్కిచ్చిన తొలి అచ్చు సిలకట,
వాడికి ఇంకేదీ చెక్కడం రాదట.
కాదు, సారె తట్టలో తీపిమాట వెళ్ళాలని
మాటలొచ్చిన పిట్టని పెట్టారట.
"ఏటో బాబూ, నాకేటి తెలుసు,
నాను కోడలిగా వచ్చేసరికే దాని పేరు అదీ."

అప్పుడే వంశధార వైపు నుంచి
నలభయ్యో యాభయ్యో
మెడకి ఎర్రదారం కట్టుకున్న పచ్చటి అరుపులు
కొట్టు రేకుల మీదుగా జొన్నపొత్తుల చేల వైపు పోయాయి.
దాలెమ్మ గరిటె ఎత్తి ఆకాశాన్ని బెదిరించింది.
"దొంగముండలు! మా మరిది చేనంతా బుగ్గి చేసేసినాయి."
వాటిని ఒక్కసారైనా సిలకలనలేదు.

బొమ్మలు కొట్టేసి
పైన చిలకలు అని రాశాను.
పక్కనే వివరణ గడి. పెన్ను కాసేపు దాని మీద ఆడించి
ఖాళీగా వదిలేశాను.
మా ఆఫీసరు ఏమంటాడో తెలీదు.

ఇంట్లో పొట్లం విప్పేలోపే
మా చిన్నది గులాబీ ఏనుగు తొండం కొరికేసి
మిగిలినదాన్ని దీపం వైపు ఎత్తి పట్టుకుంది.
"నాన్నా, ఇదేంటి?"
"చిలక."
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"మరి ముక్కేదీ?"
"నువ్వే తినేశావు."