నొప్పికి వారం, వర్జ్యం

తాడిపత్రి ఆసుపత్రిలో
మందుల కిటికీ వెనక పదకొండేళ్ళు.
సంతకం చూడక్కర్లేదు నాకు,
చీటీలో మాత్రల లెక్క చూస్తే చాలు
రాసిన చెయ్యి ఎవరిదో చెప్తాను.

రోజుకు రెండు పారాసిటమాల్, మూడు రోజులు:
ఓబుళపతి గారు.
బండ మీదపడి వేలు నుజ్జయినా అంతే,
నడుం పట్టేసి మనిషి విల్లైనా అంతే.
వాళ్ళమ్మ ఆరుగుర్ని కన్నదట
పక్కింటికి వినపడకుండా.
ఆ పక్కింటికి వినపడని కేకే
ముప్పై ఏళ్ళుగా మా ఊరి నొప్పులకు కొలపాత్ర.

నస్రీన్ మేడం చీటీలు పొడుగు.
నెలకు మూడు రోజులు ఆమె కుర్చీ వెనక
వేడినీళ్ళ సంచి ఉంటుందని
ఊడ్చే కుళ్ళాయమ్మకీ నాకూ తెలుసు.
"ఎంత నొప్పి?" అని ఆమె అడగదు,
"రాత్రి ఎన్నిసార్లు లేస్తావు?" అంటుంది.
జవాబు పూర్తయ్యాకే పెన్ను మూత తీస్తుంది.

సుంకన్న గారి గురించి ఎక్కువ చెప్పను.
తమ్ముడొకడు సూదిమందుకు అలవాటుపడి
గుత్తి రైలుగేటు దగ్గర దొరికాడు.
ట్రామడాల్ అని రాయబోయి, కొట్టేసి,
కొట్టేసిన గీత మీద మళ్ళీ గీత.
కాగితం చిరిగి నా దాకా వస్తుంది.

రామక్కది బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని.
"ఏ ఊరు?" అంటే "యాడికి" అంటుంది.
నేను నవ్వితే తనూ నవ్వేది, మొదట్లో.
ఒకే నడుము, ఒకే పోటు,
సోమవారం ఆరు మాత్రలు, బుధవారం ఇరవై,
శుక్రవారం "వ్యాయామం చెయ్యమ్మా",
పొద్దంతా బండలెత్తే మనిషికి!
ఇప్పుడు ఓపీ చీటీ తీసుకోకముందే
నా కిటికీ కాడికొచ్చి గొంతు తగ్గించి అడుగుతుంది:
"సార్, ఈ పొద్దు యెవురుండారు?"
పేరు చెప్తే, ఒక్కోసారి
నడుం పట్టుకొని ఆటో వైపు తిరిగిపోతుంది.
పెండ్లికి చూస్తారు, పయనానికి చూస్తారు,
నొప్పికి కూడా వారం, వర్జ్యం చూసుకోవాలని
ఆమెకు నేర్పింది ఎవరు? మేమే.

పోయిన ఎండాకాలం
ఓబుళపతి గారికి మూత్రపిండంలో రాయి.
రాత్రి రెండింటికి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకొని
ఈ కిటికీ ఊచలే పట్టుకున్నాడు.
చీటీ లేదు. నేను అడగనూ లేదు.
ఆ తర్వాత మూడు వారాలు
ఆయన చీటీల్లో ఇరవైలు, ముప్పైలు.
జనం నమ్మలేక కాగితం తిప్పితిప్పి చూశారు.
నాలుగో వారం రాయి పడిపోయింది.
రోజుకు రెండు పారాసిటమాల్,
మూడు రోజులు.

అనడానికి నేనెవర్ని?
మా పెద్దమ్మలా కమ్మలు లేని చెవులతో
ఏ ముసలామె వచ్చినా
నా కత్తెర రెండు మాత్రలు అవతలికి జరుగుతుంది.
గట్టిగా నోరు చేసుకునే వాడికి
లెక్క సరిగ్గా లెక్కే.
ఆ రెండు మాత్రలు ఎవరి వాటావో
రిజిస్టర్లో రాసే గడి లేదు.

ఈ రోజు శుక్రవారం.
బుధవారం దాకా ఆగలేక రామక్క వచ్చింది.
గోడ మీది బోర్డు ఆమెకు చదవను రాదు,
నా ముఖం చదువుతుంది.
చదివి, ఊచ మీద చెయ్యి అట్లే ఉంచి,
"ఇంగ యాడికి పోయేది సార్?" అంది.
ఈసారి ఇద్దరం నవ్వలేదు.