సాక్షి దిమ్మె

మెట్టుగడ్డల ఎరువుల దుకాణం మీది అంతస్తు.
కిందికెల్లి యూరియా వాసన, పైన ఏసీ చప్పుడు,
నడుమ పద్దెనిమిది కంప్యూటర్లు.
రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా
నేనెన్నడు చూడని ఒక ఊరి వీధులల్ల తిరుగుత.

మంచు పడ్డ రోడ్డు. ఆగిన బస్సు. తోపుడు బండిల పసిపిల్ల.
మనిషి కనవడితే చుట్టూ ఒక డబ్బా గీయాలె.
కుక్కకొక రంగు, సైకిలుకొక రంగు,
మనిషికి పచ్చ.
డబ్బాకు ముప్పై పైసలు.
ఎవరో డ్రైవరు లేని కారు తయారు చేస్తున్నరట,
దానికి మనిషిని గుర్తువట్టుడు నేర్పుతున్నం.
పక్క సీట్ల నౌషీన్ అంటది:
"మనల్ని గుర్తువడ్తదా గది?"

మా అవ్వ జంగమ్మ గుంపుల వోయి
ఎన్ని డ్యాములకు మట్టి మోసిందో ఆమెకే యాది లేదు.
ఊర్ల పేర్లు రావు, నీళ్ల రుచి చెప్తది:
ఒకకాడ ఉప్పు, ఒకకాడ తుప్పు.
గుంతకు ఇంతని గుత్త.
తవ్వినంక లోతు తెల్వాలె గదా,
నడుమ జానెడు నేల తవ్వకుండ ఇడిచేటోళ్లు,
నెత్తిన గడ్డితోటే, టోపీ లెక్క.
సాక్షి దిమ్మె అంటరు దాన్ని.
మేస్త్రీ టేపు వెట్టి రెండు వేళ్లు తక్కువ రాసుకునేటోడు.
"ఆ రెండు వేళ్లే వాని మేడ" అంటది అవ్వ.

పోయిన మంగళారం మీటింగు.
తెర మీద ఒక తెల్లాయన, మర్యాదస్తుడు.
లెక్కల పట్టిక చూపిచ్చిండు:
అక్కడ గంటకు ఇంత, మీకు ఇంత, మిగిలింది ఇంత.
మిగిలిన దాంట్లకెల్లి తప్పులు దిద్దుడుకు ఇంత,
మళ్లా గీయిచ్చుడుకు ఇంత,
నడుమ కంపెనీకి, ఆ నడుమకు నడుమ కంపెనీకి ఇంత.
ఆఖరి గడిల ఎర్రటి అంకె.
"ఇంతకు లాభమా సార్, నష్టమా?"
అడిగింది మా టీమ్ లీడర్ ఆశీర్వాదం.
ఆయన నవ్విండు. ఇంకా చూస్తున్నం, అన్నడు.
చూస్తనే పనిని ఇంకో సముద్రం దాటిచ్చిండ్రు.
అక్కడ డబ్బాకు ఇరవై రెండు పైసలట.

అవ్వ ఆశ్చర్యపోలే.
"మేం పని ఎంబడి పోయేటోళ్లం బిడ్డా,
మీ కాడికి పనే నడిచొచ్చింది.
కాళ్లున్నది ఒక్కకాడ ఆగుతదా?"
చానా సేపటికి, చీపురు పక్కకు వెట్టి:
"ఆ ఎనిమిది పైసలు ఎవని మేడ?"

ఆఖరి రాత్రి, ఆఖరి ఫోటో.
రోడ్డు తవ్వి ఉన్నది. గుంతల ఒకడు,
నారింజ రంగు కోటు, నడుము దాకనే కనవడ్తున్నడు,
నోట్లకెల్లి ఆవిరి.
రూలేందంటే, సగం మనిషి కనవడ్డా
మిగిలిన సగం అంచనా వేసి డబ్బా నిండుగ గీయాలె.
గీసిన.
మంచు కిందికి, తారు కిందికి,
అతని మోకాళ్ల దాక, బూట్ల దాక,
ఆ బూట్లు నిలవడ్డ మన్ను దాక.
పక్కన దిమ్మె ఏమన్న ఇడిచిండ్రో లేదో
ఫోటోల తెలుస్తలేదు.

సబ్మిట్ కొట్టిన. ముప్పై పైసలు.
కింద షట్టరు లేపుతున్నరు, లారీ వచ్చినట్టున్నది.
బస్తాకు ఎంతని
హమాలీలు బేరమాడుతున్నరు.