జానెడు టేపు

కంచరపాలెం గేటు దగ్గర
సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పైన
ఆ మేడగది గోడకి ఇప్పటికీ
రెండు మూడు కోడిగుడ్ల అట్టలు అంటుకునే ఉన్నాయి.
మిగతావి ఎలకలు తిన్నాయో
ఎబినేజరు మాస్టారి వెనకే పోయాయో.

పగలు ఆయన పోర్టులో టాలీ గుమాస్తా.
ఏ వ్యాగను ఎంత ఖనిజం దించిందో రాసే కాగితాల వెనక
పల్లవులు రాసుకునేవాడు.
చెవి మడతల్లో ఎర్రదుమ్ము.
రుమాలుతో తుడుచుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాడు,
గుమ్మం బయట చెప్పులు విడిచినట్టు.

కోరస్ మేం ముగ్గురం:
చేపల గంప దించి వచ్చే నూకాలు,
కేజీహెచ్‌లో ఆయా రూతు, నేను.
మనిషికి పదిహేను రూపాయలు, పొట్లంలో పునుగులు.
బేస్ గిటారు రైల్వే గార్డు డెస్మండ్‌ది.
ఆయన బండి లేటయితే పాటా లేటే.
"గొంతు బాగుండక్కర్లేదర్రా" అనేవాడు మాస్టారు,
"నీకేటి జరిగిందో అది ఇనపడాల."
నూకాలు ఆ మాటకి నవ్వేది. తర్వాత పాడేది.
ఆమె పాడుతుంటే డెస్మండ్ గోడవైపు తిరిగిపోయేవాడు.

ఆ రాత్రి ఏడో టేకు.
"ఉప్పునీళ్ళల్లో పుట్టినోడా"
అనేసరికి గేటు దగ్గర ఇంజను కూత.
మాస్టారు అరచెయ్యి ఎత్తాడు.
ఆర్గాన్ ఆగింది, బేస్ ఆగింది,
మా ముగ్గురి ఊపిరి ఆగింది.
చెయ్యి దించాడు.
"ఉప్పునీళ్ళేటి నీ కంటికి"
అందరం ఒకే మెట్టు మీద కాలు పెట్టాం.

ఇంకో టేకు తీద్దాం అన్నాడు ఓనరు.
"అక్కర్లేదు. పాట ఊపిరి తీసుకుంది."
గెడ్డం గీసుకునే బ్లేడుతో
కూత ఉన్నంత మేరా కోసి
అంతే పొడుగు ఖాళీ టేపు అతికించాడు.
కోసిన ముక్క, జానెడు, నా చేతికిచ్చి
జడకి కట్టుకోమన్నాడు.
కట్టుకున్నాను కూడా, ఇల్లు చేరేదాకా.

కేసెట్ మీద పాడినాయన బొమ్మ, నల్ల కళ్ళద్దాలతో.
వెనకాల చీమ అక్షరాల్లో "సంగీతం: బృందం".
అల్లిపురం ప్రెస్సులో చోటు చాల్లేదన్నారు.
కళ్ళద్దాలకి చాలింది.
నేను అరిచాను. ఆయన
కేసెట్‌కి నాలుగు స్క్రూలూ బిగించారో లేదో చూసుకుంటున్నాడు.

ఆయనకి బాధ లేదని చెప్పను.
ఒకసారి పూర్ణామార్కెట్లో ఆ పాట మోగుతోంటే
ఉల్లిపాయల బేరం మధ్యలో మానేసి
అడిగినంతా ఇచ్చేశాడు.

తర్వాత అది పెళ్ళి బ్యాండులోకి ఎక్కింది,
మరబోట్లలోకి, శవయాత్రల్లోకి.
మాస్టారిని మోసుకెళ్ళిన రోజూ
ఎవరో అదే అందుకున్నారు
పెట్టెలో ఉన్నది ఎవరో తెలియకుండానే.

నిన్న బీచ్ రోడ్డులో, సబ్‌మెరైన్ దాటాక,
స్పీకరు పెట్టుకుని ఒక కుర్రాడు.
"ఇది మన ఉత్తరాంధ్ర జానపదం,
ఎవరు కట్టారో తెలీదు" అన్నాడు మైకులో.
చెబుదామని లేచాను.
ఈ మోకాళ్ళతో రెండడుగులేసేసరికి
"పుట్టినోడా" అన్నాడు,
ఆగాడు.

సరిగ్గా అంతే.

ఎందుకు ఆగాలో వాడికి తెలీదు.
వాళ్ళమ్మ ఆగేదేమో.
ఐస్‌క్రీం తింటున్న జనం కూడా ఆగారు
పుల్లలు గాల్లో పెట్టుకుని.
ఆ తర్వాత అందరూ కలిసి దిగారు.

డబ్బాలో పది రూపాయలు వేసి వచ్చేశాను.

ఆ ముక్క నా పౌడరు డబ్బాలో ఉంది.
గోధుమరంగు, మెలిక తిరిగింది.
మోగించే మిషను ఎవరి దగ్గరా లేదు.
రాత్రి గూడ్సు వెళ్ళే వేళకి
డబ్బా మూత కాస్త వదులు చేసి
పడుకుంటాను.